యాప్ ఉంది, ఖాతా ఉంది.. పేమెంట్ ఎందుకు అవ్వదు? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో అడ్డంకులు ఇవీ

ప్రొద్దుటూరులో బంగారం అంగడికి వెళ్లినా, పులివెందులలో టీ కొట్టు దగ్గర ఆగినా, జమ్మలమడుగులో పండ్ల బండి ముందు నిలబడినా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే దేశంలో యూపీఐ లావాదేవీలు తొలిసారి 2,000 కోట్లు దాటాయి. ఈ లెక్క చూస్తే ఆన్‌లైన్ చెల్లింపు అందరికీ అందిపోయిందనే అనిపిస్తుంది.

కడప జిల్లాలోని ఈ పట్టణాల నుంచి వచ్చి హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్నవారికి మాత్రం ఇంకో సంగతి తెలుసు. ఊళ్లో అమ్మానాన్నల కరెంటు బిల్లు, తమ్ముడి కాలేజీ ఫీజు, కొన్నిసార్లు ఆసుపత్రి బిల్లు కూడా ఇక్కడి నుంచే కట్టాల్సి వస్తుంది. అక్కడ వాళ్ల చేతిలో ఫోన్ ఉంటుంది. బ్యాంకులో ఖాతా ఉంటుంది. ఖాతాలో డబ్బూ ఉంటుంది. అయినా చెల్లింపు జరగదు.

'పెద్దవాళ్లకు ఫోన్ వాడటం రాదులే' అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అసలు కారణం అది కాదు. బ్యాంకు రికార్డులో ఒక పాత నంబరు, ఎప్పుడో గడువు తీరిన కార్డు, కేవైసీ ఇవ్వని ఖాతా.. వీటిలో ఏదో ఒకటి అడ్డుపడి ఉంటుంది. అది ఏదో తెలిస్తే పరిష్కారం సులువు. తెలియకపోతే యాప్‌ను పదిసార్లు తీసేసి మళ్లీ వేసుకున్నా ఫలితం ఉండదు.

ఒక్క చెల్లింపు వెనుక ఆరు లంకెలు

యూపీఐని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఎన్‌పీసీఐ) 2016లో ప్రారంభించింది. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ వంటివి దానిపై నడిచే యాప్‌లు. డబ్బు ఈ యాప్‌లలో ఉండదు, బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది. యాప్ చేసేది బ్యాంకుకు ఆదేశం పంపడమే.

ఆ ఆదేశం నెరవేరాలంటే ఆరు లంకెలు కలవాలి. ఒకటి, వాడుకలో ఉన్న ఖాతా. రెండు, ఆ ఖాతాకు జోడించిన మొబైల్ నంబరు. మూడు, అదే నంబరు సిమ్ ఉన్న ఫోన్. నాలుగు, పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు లేదా ఆధార్ ఓటీపీ. ఐదు, నెట్‌వర్క్, బ్యాంకు సర్వర్. ఆరు, అవతల డబ్బు తీసుకునేవారి ఖాతా, దాని పరిమితులు. ఆరింటిలో ఏ ఒక్కటి తెగినా స్క్రీన్ మీద దాదాపు ఒకే రకం మాట కనిపిస్తుంది: 'పేమెంట్ ఫెయిల్డ్'.

కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా దారి వేరు. అక్కడ మొబైల్ నంబరే ఖాతా. మామూలు ఫోన్‌తో, బ్యాంకు గడప తొక్కకుండానే డబ్బు పంపవచ్చు. మన దగ్గర ఖాతా బ్యాంకుది, సిమ్ టెలికాం కంపెనీది, గుర్తింపు ఆధార్‌ది, యాప్ మరొకరిది. అందుకే సమస్య వచ్చినప్పుడు 'మా దగ్గర కాదు, అక్కడ అడగండి' అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఎవరి దగ్గర ఏది సరిచేస్తారో ఒక్కొక్కటిగా చూద్దాం.

బ్యాంకులో ఒక నంబరు, జేబులో ఒక నంబరు

ముందుగా చూడాల్సింది ఇదే. యాప్ వేసుకున్నప్పుడు ఫోన్ నుంచి ఒక ఎస్ఎంఎస్ దానంతట అదే వెళ్తుంది. ఆ సిమ్ నంబరు ఏ ఖాతాకు జోడించి ఉందో బ్యాంకులను అడుగుతుంది. జోడించి లేకపోతే 'ఖాతా కనిపించలేదు' అని వస్తుంది.

జన్‌ధన్ పథకం 2014 ఆగస్టు 28న మొదలైంది. ఆ రోజుల్లో ఖాతా తెరిచేటప్పుడు ఇంట్లో ఎవరి ఫోన్ ఉంటే ఆ నంబరు రాయించినవారు ఉన్నారు. తర్వాత సిమ్ మారింది, కంపెనీ మారింది, రీఛార్జ్ చేయక నంబరే పోయింది. రద్దయిన నంబరును 90 రోజుల తర్వాత టెలికాం కంపెనీ మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ ముక్కూముఖం తెలియని వ్యక్తికి వెళ్తుంది. ఈ ప్రమాదం వల్లే, రద్దయిన నంబర్ల జాబితాను వారానికి ఒకసారైనా సరిచూసుకోవాలని బ్యాంకులకు, యాప్‌లకు ఎన్‌పీసీఐ చెప్పింది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇది అమలులో ఉంది. ఏడాది పాటు వాడని యూపీఐ ఐడీలను నిలిపివేయాలని 2023 నవంబరులోనే ఆదేశించింది. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు నాన్న ఫోన్‌లో మీరు పెట్టిచ్చిన యూపీఐ ఏడాది తర్వాత పనిచేయకపోతే కారణం ఇదీ కావచ్చు.

ఇక్కడే ఇంకో చిన్న చిక్కు ఉంది. నమోదుకు వెళ్లే ఆ ఎస్ఎంఎస్‌కు సిమ్‌లో అవుట్‌గోయింగ్ ఉండాలి. ఇంట్లో వైఫై ఉందని రీఛార్జ్ మానేసిన సిమ్‌తో ఎంత ప్రయత్నించినా నమోదు కాదు. డేటా అక్కర్లేని పెద్దవాళ్ల కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. వాటి గురించి అడిగి తీసుకోవచ్చు. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో బ్యాంకు నంబరున్న సిమ్‌నే ఎంచుకోవాలి.

ఏం చేయాలి? పాస్‌బుక్, ఆధార్, ఇప్పుడు వాడుతున్న ఫోన్ తీసుకుని ఖాతాదారే బ్రాంచికి వెళ్లి నంబరు మార్పు దరఖాస్తు ఇవ్వాలి. ఈ పని హైదరాబాద్‌లో కూర్చుని మీరు చేసిపెట్టడం కష్టం. చాలా బ్యాంకుల్లో కార్డుంటే ఏటీఎంలో కూడా నంబరు మార్చుకోవచ్చు.

కార్డు లేదు, ఉన్నా ఆన్‌లైన్‌లో పనిచేయదు

యూపీఐ పిన్ పెట్టుకోవాలంటే డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ అడుగుతుంది. ఏళ్ల కిందట ఇచ్చిన రూపే కార్డు గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కొందరు కవరు కూడా చింపి ఉండరు.

కార్డు లేకపోయినా 2021 నుంచి ఆధార్ ఓటీపీతో పిన్ పెట్టుకునే వీలుంది. అయితే బ్యాంకులో, ఆధార్‌లో ఒకే నంబరు ఉండాలి. ఆధార్‌లో పాత నంబరు ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో దాన్ని మార్పించుకోవాలి. అంటే ఒక్క పిన్ కోసం రెండు చోట్ల నంబరు సరిచేసుకోవాల్సి రావచ్చు. రెండింటికీ ఒకే నంబరు ఇస్తే ఆ తిరుగుడు ఒక్కసారితో తీరుతుంది.

కొత్త కార్డు చేతికొచ్చినా వెబ్‌సైట్‌లో పనిచేయకపోవడం ఇంకో ఫిర్యాదు. ఇది లోపం కాదు, నిబంధన. కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల్లోని స్వైప్ యంత్రాలలో మాత్రమే పనిచేయాలని రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరిలో ఆదేశించింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి అది అమలైంది. ఆన్‌లైన్, ట్యాప్, విదేశీ చెల్లింపులను ఖాతాదారే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ఆన్‌లైన్ లావాదేవీలు' ఆన్ చేస్తే చాలు. ఏటీఎంలో, ఫోన్ బ్యాంకింగ్‌లో కూడా ఇది చేసుకోవచ్చు. ఫీజు కట్టే చివరి రోజున ఈ విషయం తెలిస్తే కంగారే మిగులుతుంది. ముందే చూసుకోవడం మంచిది.

ఖాతా నిద్రపోతే, బ్యాంకు పేరు మారితే

రెండేళ్లపాటు ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే ఆ ఖాతాను వాడుకలో లేనిదిగా గుర్తిస్తారు. మళ్లీ తెరిపించడానికి కేవైసీ పత్రాలు ఇస్తే చాలు. ఇందుకు బ్యాంకు రుసుం తీసుకోకూడదు. కనీస నిల్వ లేదని అలాంటి ఖాతాల మీద జరిమానా వేయకూడదు. ఈ నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి.

వాడుతున్న ఖాతాకు కూడా కేవైసీని మధ్యమధ్యలో కొత్తగా ఇవ్వాలి. ఎక్కువమంది ఖాతాదారులు వచ్చే తక్కువ రిస్కు విభాగంలో ఇది పదేళ్లకోసారి. 2014, 2015లలో తెరిచిన జన్‌ధన్ ఖాతాలకు ఆ పదేళ్లు ఇటీవలే నిండాయి. కేవైసీ పెండింగ్ అని బ్యాంకు డెబిట్ ఆపేస్తే డబ్బు వస్తుంది కానీ బయటకు వెళ్లదు. యాప్‌లో మాత్రం మళ్లీ అదే 'ఫెయిల్డ్' కనిపిస్తుంది. వివరాలేవీ మారకపోతే, లేదా చిరునామా మాత్రమే మారితే, ఆ మేరకు రాసిచ్చే ధ్రువీకరణతో పని పూర్తవుతుంది. దీన్ని గ్రామాల్లో తిరిగే బ్యాంకు మిత్రల ద్వారా కూడా ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2025లో చెప్పింది.

సరైన పత్రాలు లేకుండా తెరిచిన 'చిన్న ఖాతా'లకు ఇంకో పరిమితి ఉంది. నిల్వ 50 వేలు, ఏడాదిలో జమలు లక్ష, నెలలో తీసేది 10 వేల రూపాయలు దాటకూడదు. ఇంటికి పంపిన డబ్బు తిరిగి వస్తుంటే అది చిన్న ఖాతానేమో అడగండి. ఆధార్ ఇచ్చి మామూలు ఖాతాగా మార్పించుకోవచ్చు.

ఈ జిల్లాలో బ్యాంకుల విలీనం కూడా కొంత గందరగోళం తెచ్చింది. కడప కేంద్రంగా 2006 నుంచి పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. అంతకుముందు 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. విలీనం తర్వాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్, బ్యాంకు యాప్ మారవచ్చు. మీ ఫోన్‌లో ఏళ్ల కిందట సేవ్ చేసుకున్న అమ్మ ఖాతా వివరాలతో డబ్బు పంపే ముందు కొత్త పాస్‌బుక్ ఫొటో ఒకటి తెప్పించుకోండి. యూపీఐ యాప్‌లో పాత బ్యాంకు పేరుతో ఉన్న ఖాతాను తీసేసి, కొత్త పేరుతో మళ్లీ చేర్చాలి.

'ఎన్‌పీసీఐ లింకు అయింది కదా' అంటే?

సచివాలయానికి వెళ్లినవారికి బాగా తెలిసిన మాట 'ఎన్‌పీసీఐ లింకు'. తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ వంటి పథకాల డబ్బు పడాలంటే అది ఉండాలని చెబుతారు. అది పూర్తయింది కాబట్టి యూపీఐ కూడా పనిచేయాలని చాలామంది అనుకుంటారు. రెండింటినీ నడిపేది ఎన్‌పీసీఐయే అయినా ఇవి వేర్వేరు పనులు.

ఎన్‌పీసీఐ లింకు అంటే ప్రభుత్వ డబ్బు మీ ఆధార్ మీద ఏ బ్యాంకుకు వెళ్లాలో చెప్పే గుర్తు. ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది. చివరగా ఎక్కడ లింకు చేస్తే అక్కడికే డబ్బు వెళ్తుంది. యూపీఐ మాత్రం మొబైల్ నంబరు మీద నడుస్తుంది.

ఉదాహరణకు, ఒక మహిళకు గ్రామీణ బ్యాంకులో పాత పొదుపు ఖాతా ఉంది, దానికే యూపీఐ ఉంది. పథకం డబ్బు కోసం పోస్టల్ పేమెంట్స్ బ్యాంకులో మరో ఖాతా తెరిచి, దానికి ఎన్‌పీసీఐ లింకు చేయించుకున్నారు అనుకుందాం. పథకం డబ్బు రెండో ఖాతాలో పడుతుంది. ఫోన్‌లో మొదటి ఖాతా చూసి 'డబ్బు పడలేదు' అనుకుంటారు. ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే లింకు ఏ బ్యాంకుతో ఉందో తెలుస్తుంది. ఆ ఖాతాను కూడా యూపీఐలో చేర్చుకుంటే సరిపోతుంది.

ఇంట్లో ఒక్కటే ఫోన్

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో పది మందిలో ఎనిమిది మందికి పైగా తాము స్వయంగా వాడే బ్యాంకు ఖాతా ఉంది. సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్నవారు మాత్రం సగం కంటే తక్కువ. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ సర్వే తర్వాత పరిస్థితి మారుతూ వచ్చినా, ఖాతాకూ ఫోన్‌కూ మధ్య ఉన్న ఈ దూరమే అసలు కథ చెబుతుంది. ఖాతా ఆమెది, ఓటీపీ భర్త ఫోన్‌కో కొడుకు ఫోన్‌కో వెళ్తుంది. తన డబ్బు ఖర్చు చేయడానికి మరొకరి అనుమతి కావాలి.

ప్రపంచమంతటా ఇదే చిక్కు ఉంది. ప్రపంచ బ్యాంకు 2025లో విడుదల చేసిన ఫిండెక్స్ నివేదిక ప్రకారం ఖాతా లేని పెద్దలు ప్రపంచంలో సుమారు 130 కోట్ల మంది. వారిలో 90 కోట్ల మందికి ఫోన్ ఉంది. ఫోన్ చేతికి వచ్చినంత మాత్రాన చెల్లింపు వ్యవస్థలోకి వచ్చేసినట్లు కాదు.

ఇలాంటి ఇళ్లకు మూడు దారులున్నాయి.

మొదటిది, బటన్ ఫోన్. రిజర్వ్ బ్యాంక్ 2022 మార్చి 8న ప్రారంభించిన యూపీఐ 123పేలో స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ లేకుండానే కాల్ ద్వారా చెల్లించవచ్చు. అంతకంటే పాతది *99#. ఈ నంబరు డయల్ చేస్తే తెర మీద మెనూ వస్తుంది, తెలుగు కూడా ఎంచుకోవచ్చు. ఒకసారికి 5,000 రూపాయల వరకు పంపవచ్చు. బ్యాంకులో సొంత నంబరు ఉండాలన్న షరతు దీనికీ వర్తిస్తుంది.

రెండోది, యూపీఐ సర్కిల్. 2024లో వచ్చిన ఈ సదుపాయంతో మీ ఖాతా నుంచి ఇంట్లోవారు తమ ఫోన్‌తో చెల్లించవచ్చు. మీరు ముందే పరిమితి పెట్టి అనుమతిస్తే నెలకు 15,000 వరకు, ఒకసారికి 5,000 వరకు వాళ్లే కట్టుకోవచ్చు. లేదా ప్రతి చెల్లింపునూ మీరు ఆమోదించేలా పెట్టుకోవచ్చు. ఊళ్లో మందుల షాపు బిల్లుకు ప్రతిసారీ మీకు ఫోన్ చేసే అవసరం తప్పుతుంది. మీ యాప్‌లో, బ్యాంకులో ఇది ఉందో లేదో చూసుకోండి. తెలియనివారిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేర్చవద్దు.

మూడోది, వాట్సాప్. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ప్రారంభించిన 'మన మిత్ర' నంబరు 9552300009. అనేక ప్రభుత్వ సేవలు, వాటి ఫీజుల చెల్లింపు ఇందులో ఉన్నాయి. దూరంగా ఉన్న పిల్లలు ఇంటి పనులు చక్కబెట్టడానికి ఇది పనికొస్తుంది.

కువైట్ నంబరుతో యూపీఐ వస్తుందా?

కడప జిల్లా నుంచి గల్ఫ్‌కు, అందులోనూ కువైట్‌కు వెళ్లినవారు చాలామంది. విదేశీ నంబరుతోనే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలును ఎన్‌పీసీఐ 2023 జనవరిలో ప్రకటించింది. సౌదీ అరేబియా, యూఏఈ, ఖతార్, ఒమన్, అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్.. అప్పుడు ప్రకటించిన ఈ పది దేశాల్లో కువైట్ లేదు.

అందువల్ల కువైట్‌లో ఉన్నవారు భారత నంబరును రోమింగ్‌లో బతికించుకుంటారు. రీఛార్జ్ ఆగి నంబరు పోతే యూపీఐ, నెట్ బ్యాంకింగ్, ఓటీపీ అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఖాతాదారు ఇక్కడ లేరు కాబట్టి నంబరు మార్పు కూడా అంత తేలిగ్గా అవదు. ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకుని ఆ సిమ్‌కు రీఛార్జ్ చేస్తూ ఉండటమే చవకైన జాగ్రత్త. విదేశాలకు వెళ్లి ప్రవాసిగా మారినవారు మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలన్నది కూడా నిబంధనే.

బంగారం అంగడిలో, అరటి తోటలో పరిమితుల చిక్కు

బంగారం వ్యాపారానికి పేరున్న ప్రొద్దుటూరులో పెళ్లి నగలు కొనేవారికి ఎదురయ్యే అడ్డంకి వేరు. యూపీఐలో సాధారణ పరిమితి రోజుకు లక్ష రూపాయలు. నగదుగా ఇద్దామంటే ఒక్కరి నుంచి ఒకే రోజు, ఒకే లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకుమించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ నుంచి నిషేధించింది. నగల కొనుగోలుకు యూపీఐ పరిమితిని ఎన్‌పీసీఐ 2025 సెప్టెంబరు 15 నుంచి ఒకసారికి 2 లక్షలకు, రోజుకు 6 లక్షలకు పెంచింది. ఇది ధ్రువీకరించిన వ్యాపారి క్యూఆర్‌కే వర్తిస్తుంది. యజమాని సొంత నంబరుకు పంపితే పాత లక్షే. మీ బ్యాంకు ఇంకా తక్కువ పరిమితి పెట్టి ఉండవచ్చు. కొత్త ఫోన్‌లో యూపీఐ నమోదు చేసుకుంటే మొదటి 24 గంటల్లో ఇంకా తక్కువే వెళ్తుంది. నగలు కొనడానికి వెళ్లే ముందు రోజు ఫోన్ మార్చవద్దు.

పులివెందుల చుట్టుపక్కల అరటి, చీనీ రైతులకు కోత సమయంలో ఒకేసారి లక్షల్లో డబ్బు రావాలి. దానికి యూపీఐ సరైన దారి కాదు. ఐఎంపీఎస్‌లో ఒకసారికి 5 లక్షల వరకు పంపవచ్చు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, 2 లక్షలు ఆపై మొత్తాలకు వాడే ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఇరవై నాలుగు గంటలూ, సెలవు రోజుల్లోనూ పనిచేస్తున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి ఈ రెండింటిలోనూ పంపేముందే అవతలి ఖాతాదారు పేరు చూసుకునే వీలు వచ్చింది. 'ఆదివారం బ్యాంకు లేదు, రేపు వేస్తా' అనే వ్యాపారి మాటకు ఇప్పుడు ఆధారం లేదు.

చిన్న దుకాణదారుల భయాలు ఇంకో రకం. కర్ణాటకలో 2025 జులైలో యూపీఐ జమల ఆధారంగా చిరు వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాక కొందరు క్యూఆర్ కోడ్‌లు తీసేసి 'నగదు మాత్రమే' అని రాసిపెట్టారు. ఆ వార్త రాష్ట్రాలు దాటింది. జీఎస్టీని నిర్ణయించేది టర్నోవర్, చెల్లింపు విధానం కాదు. నగదులో తీసుకున్నా లెక్కలోకి వస్తుంది. ఇంటి డబ్బు, అప్పుగా వచ్చిన డబ్బు వ్యాపారపు ఖాతాలో కలవకుండా వేరుగా ఉంచుకుంటే నోటీసు వచ్చినా జవాబు చెప్పడం తేలిక.

మరొక భయం ఖాతా స్తంభించడం. ఎక్కడో మోసపోయిన వ్యక్తి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు చేతులు మారుతూ చేరిన ఖాతాల్లో అంత మొత్తాన్ని బ్యాంకులు ఆపుతాయి. సరుకు అమ్మి డబ్బు తీసుకున్న వ్యాపారి కూడా ఇందులో చిక్కుకోవచ్చు. అప్పుడు బ్యాంకును అడిగి ఏ రాష్ట్ర పోలీసుల ఫిర్యాదు, దాని నంబరు ఏమిటి, ఎంత మొత్తం అనేది రాతపూర్వకంగా తీసుకోవాలి. అమ్మకం బిల్లు జతచేసి ఆ పోలీసు అధికారికి పంపాలి. మొత్తం ఖాతాను కాకుండా వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపాలని కోరాలి.

విదేశీ వెబ్‌సైట్‌లో కార్డు ఎందుకు తీసుకోదు?

పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీ విద్యార్థికి విదేశీ సాఫ్ట్‌వేర్ చందానో, విశ్వవిద్యాలయపు దరఖాస్తు ఫీజో కట్టాల్సి వస్తే చాలాచోట్ల యూపీఐ ఉండదు. చేతిలో దేశీయ రూపే కార్డు మాత్రమే ఉంటే చాలా సైట్లు తీసుకోవు. బ్యాంకును అడిగి అంతర్జాతీయ డెబిట్ కార్డు తీసుకుని, యాప్‌లో విదేశీ లావాదేవీలను ఆన్ చేసుకోవాలి. పని అయ్యాక ఆపేయాలి. క్రెడిట్ కార్డు రానివారికి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఒక దారి.

ప్రతి నెలా దానంతట అదే కట్ అయ్యే చందాలకు 2021 అక్టోబరు 1 నుంచి ముందస్తు అనుమతి నమోదు తప్పనిసరి. 15,000 దాటితే సాధారణంగా ప్రతిసారీ ఓటీపీ ఇవ్వాలి. ఈ ఏర్పాటు లేని విదేశీ సంస్థల చందాలు మధ్యలో ఆగిపోవడానికి కారణం ఇదే.

డబ్బు కట్ అయింది, అవతల చేరలేదు

ఇలాంటప్పుడు వెంటనే మళ్లీ పంపవద్దు. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఒకరి నుంచి ఒకరికి పంపిన యూపీఐ డబ్బు చేరకపోతే మరుసటి రోజులోగా దానంతట అదే వెనక్కి రావాలి. దుకాణానికి చేసిన చెల్లింపైతే ఐదు రోజుల్లోగా రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, అదీ అడగకుండానే.

రాకపోతే ముందు యాప్‌లో ఆ లావాదేవీ మీదే ఫిర్యాదు పెట్టాలి, తర్వాత బ్యాంకులో. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు 14448కి ఫోన్ చేయవచ్చు. 12 అంకెల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోండి, అన్నిచోట్లా అదే అడుగుతారు.

కొన్నిసార్లు తప్పు మీ బ్యాంకుదీ కాదు, బిల్లు తీసుకునే సంస్థకూ యాప్‌కూ మధ్య ఉంటుంది. 2024 జులైలో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలు ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా కరెంటు బిల్లులు తీసుకోలేమని ప్రకటించాయి. బిల్లులన్నీ భారత్ బిల్‌పే వ్యవస్థ ద్వారానే వెళ్లాలన్న నిబంధన అందుకు కారణం. ఆ తర్వాత ఆ వ్యవస్థ ద్వారా మళ్లీ మొదలయ్యాయి. అలాంటి రోజుల్లో కడప జిల్లాకు కరెంటు సరఫరా చేసే ఏపీఎస్‌పీడీసీఎల్ సొంత యాప్, వెబ్‌సైట్ పనిచేస్తాయి. రెండో దారి ఒకటి తెలిసి ఉంటే గడువు దాటదు.

చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ పెట్టుకుంటే బ్యాంకు సర్వర్ బిజీగా ఉన్నా, పిన్ లేకుండానే 1,000 రూపాయల వరకు చెల్లింపు అవుతుంది. అందులో 5,000 వరకు నింపుకోవచ్చు.

భయం కూడా అడ్డంకే

ఒకసారి మోసపోయిన ఇంట్లో అందరూ ఆన్‌లైన్ మానేస్తారు. ఆ భయం అర్థం లేనిది కాదు. గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. వ్యక్తులు ఒకరినొకరు యూపీఐలో డబ్బు అడిగే 'కలెక్ట్ రిక్వెస్ట్'ను 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపింది.

వేలిముద్రతో ఊళ్లోనే డబ్బు తీసుకునే ఏఈపీఎస్ చాలామంది వృద్ధులకు ఆసరా. ఒకసారికి 10,000 వరకు తీసుకోవచ్చు. దీన్ని వాడనివారు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవడం మంచిది. వాడేవారు వేలిముద్ర వేసిన ప్రతిసారీ రసీదు అడగాలి. 'పడలేదు, మళ్లీ వేలు పెట్టండి' అంటే ముందు ఖాతా నిల్వ చూపించమనాలి.

మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేని మోసాన్ని మూడు పని దినాల్లోగా బ్యాంకుకు తెలిపితే ఖాతాదారుకు నష్టం ఉండకూడదని రిజర్వ్ బ్యాంక్ 2017 జులై నిబంధనలు చెబుతున్నాయి. పిన్, ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం మీదే.

ఏ చిక్కుకు ఎక్కడికి వెళ్లాలి?

- 'ఖాతా కనిపించలేదు' అని వస్తే: బ్యాంకు బ్రాంచి, మొబైల్ నంబరు మార్పు.
- నమోదు ఎస్ఎంఎస్ వెళ్లకపోతే: సిమ్ రీఛార్జ్, సరైన సిమ్ ఎంపిక.
- పిన్ పెట్టుకోలేకపోతే: కొత్త డెబిట్ కార్డుకు బ్యాంకు, ఆధార్ నంబరు మార్పుకు ఆధార్ కేంద్రం.
- డబ్బు వస్తుంది, వెళ్లదు: కేవైసీ, బ్రాంచి లేదా బ్యాంకు మిత్ర.
- పంపిన డబ్బు తిరిగి వస్తే: చిన్న ఖాతా పరిమితి, విలీనం తర్వాత మారిన ఐఎఫ్ఎస్‌సీ.
- పథకం డబ్బు కనిపించకపోతే: ఆధార్ వెబ్‌సైట్‌లో సీడింగ్ స్టేటస్, తర్వాత సచివాలయం.
- కట్ అయిన డబ్బు రాకపోతే: యాప్, బ్యాంకు, ఆ తర్వాత అంబుడ్స్‌మన్.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు కొత్త యాప్ వేసి ఇవ్వడం కంటే ముందు పాస్‌బుక్ తెరిచి చూడండి. అందులోని నంబరు, ఆధార్‌లోని నంబరు, అమ్మ చేతిలోని ఫోన్ నంబరు ఒకటేనా? కాకపోతే ఒక పని దినం కేటాయించి ఆమెను బ్రాంచికి తీసుకెళ్లండి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూసే అవసరం ఆ ఒక్క పూటతో తప్పిపోవచ్చు.